వస్తానన్నవాడు, రానన్నవాడు

రియాద్‌లో ఉన్న తెలుగువాళ్ళకి బతా గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. వేరే దేశాల్లో ఉండి ఇది చదివేవారి కోసం మాత్రం రెండు ముక్కలు. బతా అంటే అరబీలో వాగు పారే ఇసుక, గులకరాళ్ళ నేల. ఒకప్పుడు వాగు పోయిన ఆ దారిలో ఇప్పుడు పాత రియాద్‌లోకల్లా కిక్కిరిసిన బజారు ఉంది. కేరళ హోటళ్ళు, బంగ్లాదేశీ కొట్లు, ఫిలిప్పీన్ దుకాణాలు, ఊరికి డబ్బు పంపే ఎక్స్‌ఛేంజీలు. 1902లో అబ్దుల్ అజీజ్ పట్టుకున్న మస్మక్ కోట దగ్గర్లోనే. 2024 డిసెంబరులో మొదలైన మెట్రో నీలం లైను ఒలయా నుంచి బతా మీదుగానే పోతుంది. శుక్రవారం సాయంత్రం అక్కడికి వెళ్తే జగిత్యాల, నిజామాబాదు యాస వినపడకుండా పది అడుగులు వేయలేం. లేబర్ క్యాంపుల్లో వారమంతా గడిపినవాళ్ళకి అదే ఊరు, అదే సంత.

బతాలో లేనిది ఒకటి ఉంది. చర్చి. ఆ మాటకొస్తే సౌదీ అరేబియా మొత్తంలో చర్చి భవనం ఒక్కటి కూడా లేదు. ముస్లిమేతరులు బహిరంగంగా ఆరాధన జరపడానికి ఇక్కడ అనుమతి లేదు. ఇంట్లో ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవచ్చని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. పక్కనే ఉన్న బహ్రెయిన్‌లో 1906 నుంచి చర్చి ఉంది, దోహాలో 2008లో పెద్ద చర్చి తెరిచారు, కువైట్, దుబాయిల సంగతి సరేసరి. ఇక్కడ మాత్రం గంట లేదు, శిలువ లేదు, మైకు లేదు.

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ ఇంట్లో. ఆదివారం ఇస్త్రీ తెల్ల చొక్కా, చంకలో జిప్పు బైబిలు, డిసెంబరు రాగానే ఇంటి మీద కాగితపు నక్షత్రం. ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్తే అక్కడ చర్చి, చర్చి తర్వాత పాట్‌లక్. ఎక్కడున్నా నన్ను చూడగానే నేను ఎవరో తెలిసిపోయేది. ఉద్యోగం రియాద్‌కి తీసుకొచ్చాక ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. ఇకామా కార్డు మీద మతం అన్న గడిలో ఒక్క పదం తప్ప బయటికి కనపడే గుర్తేమీ మిగల్లేదు.

మొదట్లో లోపల్లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. ఇక్కడ చూపించుకోవడానికి ఏమీ లేదు కాబట్టి మిగిలేది అసలైన భక్తే అనుకున్నాను. ఆ లెక్క తప్పని నాకు బతాలోనే తెలిసింది.

ఒక శుక్రవారం

మేము కొంతమందిమి భోంచేసే మెస్‌కి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వస్తుండేవాడు. యాభై దాటిన మనిషి. ఒక శుక్రవారం పాలిథిన్ కవర్లో మడిచి పెట్టుకున్న కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. "సారూ, మీరు కంప్యూటర్ల పనిజేస్తరట గదా. ఈ కాయితాలు జర సూడుండ్రి" అన్నాడు. అంతకుముందు పనిచేసిన కంపెనీ నాలుగు నెలల జీతం ఎగ్గొట్టింది. ఇప్పుడు వేరే చోట చేరాడు. పాత బాకీ కోసం ఫిర్యాదు పెట్టాలి. ఫారాలన్నీ ఆన్‌లైన్‌లో, అరబీలో.

సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసిన 12 నెలల లోపు ఫిర్యాదు వేయాలి. ఆ గడువు దాటితే కోర్టు సాధారణంగా ఆ కేసు తీసుకోదు. ముందు కార్మిక శాఖ దగ్గర 21 రోజుల రాజీ ప్రయత్నం జరుగుతుంది, అక్కడ తేలకపోతే 2018లో మొదలైన లేబర్ కోర్టులకు వెళ్తుంది. ఇవేవీ ఆ రోజు నాకు తెలియవు. ఆయన పాత ఉద్యోగం పోయి అప్పటికే పది నెలలు దాటిందని కూడా గమనించలేదు.

"తప్పకుండా అన్నా. ఇప్పుడు ప్రార్థనకి వెళ్తున్నాను. ఈ వారంలో చేసి పెడతాను" అన్నాను. కాగితాలన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను. మా పక్కనే హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అకౌంటెంట్ మిత్రుడు కూర్చుని ఉన్నాడు. ముస్లిం, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పెద్దాయన ఆయన్నీ అడిగాడు. "నా వల్ల కాదు భాయ్. ఇయర్ ఎండింగ్ లెక్కలున్నాయి, నన్ను అడగొద్దు" అని మొహం మీదే చెప్పేశాడు. కొంచెం కరుకుగానే చెప్పాడు. నేను మనసులో ఆయనతో నన్ను పోల్చుకుని సంతోషించాను కూడా.

ప్రార్థనకి వెళ్ళాను. ఆ రోజు ఏ వాక్యం చదివామో ఇప్పుడు గుర్తు లేదు. బాగా పాడామని మాత్రం గుర్తుంది.

తర్వాత ఆఫీసులో రిలీజు, దాని వెనక ఇంకొకటి. ఆ ఫోటోలు ఫోన్లోనే ఉండిపోయాయి. ఐదు వారాల తర్వాత బతాలో పెద్దాయన ఎదురుపడితే గుండె జారిపోయింది. ఆయన ఏమీ నిష్ఠూరమాడలేదు. "అయిపాయె సారూ. అక్కౌంట్స్ భాయ్ జేసిచ్చిండు. మీకెందుకు మల్ల తక్లీఫ్ అని అడగలె" అన్నాడు. రానన్న మిత్రుడు రెండు గురువారాలు రాత్రి కూర్చుని, తన ఆఫీసులో ఒక అరబీ కొలీగ్‌ని బతిమాలి, ఫారం పూర్తి చేసి పంపించాడు. గడువుకి అప్పటికి పద్దెనిమిది రోజులే మిగిలి ఉన్నాయట.

వీళ్ళిద్దరి కథ నేను చిన్నప్పుడు సండేస్కూల్లోనే విన్నాను. మత్తయి సువార్త 21వ అధ్యాయంలో ఉంది. ఒక తండ్రి ఇద్దరు కొడుకుల్నీ ద్రాక్షతోటకి వెళ్ళి పనిచేయమంటాడు. ఒకడు వెళ్ళనంటాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్తాడు. రెండోవాడు చిత్తం అంటాడు, వెళ్ళడు. తండ్రి చెప్పింది ఎవడు చేశాడన్నది యేసు వేసే ప్రశ్న. అడిగింది దేవాలయంలో, అడిగించుకున్నది మతపెద్దలు. ఆ కథ విన్న ప్రతిసారీ నేను మొదటివాణ్ణని ఎందుకో ముందే నిర్ణయించేసుకునేవాణ్ణి.

వినడం అంటే ఏమిటి?

ఆ తర్వాత కొన్ని నెలలు ఈ విషయం గురించి కాస్త చదివాను. నాకు అర్థమైనంత చెబుతాను.

తెలుగు బైబిల్లో కపటి అనే అర్థంలో 'వేషధారి' అన్న మాట వాడతారు. దాని వెనక ఉన్న గ్రీకు పదానికి నాటకంలో వేషం కట్టేవాడు అనే అర్థం ఉంది. మన ఊళ్ళకి పగటి వేషాలవాళ్ళు వచ్చేవారు గదా, అదే. వేషం కట్టడం తప్పు కాదు, అది వాళ్ళ వృత్తి. సాయంత్రం రంగు కడుక్కుని ఇంటికి పోతారు. చిక్కల్లా రంగు కడుక్కోవడం మరిచిపోయి, తాను నిజంగానే రాజుననుకునేవాడితో.

ఇంకో మాట, విధేయత. పాత నిబంధన మూలభాష హీబ్రూలో వినడానికీ లోబడడానికీ వాడే మాట ఒకటే, 'షమా'. మనం ఇక్కడ రోజూ వినే అరబీ 'సమిఅ' దానికి తోబుట్టువు. ఇది అర్థం కావడానికి ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళకి వివరణ కావాలేమో గానీ తెలుగువాళ్ళకి అక్కర్లేదు. "వీడు మాట వినడు" అని మా అమ్మ ఎవరికైనా చెబితే నాకు చెవుడని ఎవరూ అనుకోలేదు. మాట వినడం అంటే చెప్పింది చేయడమే. చేయకపోతే విననట్టే. నేను ఆ శుక్రవారం పెద్దాయన చెప్పింది మొత్తం విన్నాను, ఫోటోలు కూడా తీసుకున్నాను. మా అమ్మ లెక్కలో మాత్రం నేను వినలేదు.

మరి దేవుడు చెప్పింది ఏమిటి? భక్తి అంటే లోపలి మనసు, పైపై ఆచారం కాదు అని మనం సులువుగా అనేస్తాం. కానీ 'లోపల' అనేది చాలా వీలైన చోటు. అక్కడ ఏముందో ఎవరూ తనిఖీ చేయలేరు. నా మనసు మంచిదేనని నేనే సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. నిజానికి నా మనసు ఆ ఐదు వారాలూ మంచిదే. ఆయన మీద జాలి పడుతూనే ఉన్నాను. బైబిలు ప్రవక్తలు అందుకే 'లోపల' దగ్గర ఆగలేదు. వాళ్ళు అడిగేది చాలా మొరటు ప్రశ్న: కూలి ఇచ్చావా?

యెషయా గ్రంథం 58వ అధ్యాయం చూడండి. జనం ఉపవాసాలు చేస్తారు, తలలు వంచుకుంటారు, గోనె కట్టుకుంటారు, అయినా దేవుడు పట్టించుకోడేమని అడుగుతారు. దానికి వచ్చిన జవాబులో మొదటి ఆరోపణే ఉపవాసం రోజున కూడా పనివాళ్ళని పీడిస్తున్నారని. కూలివాడి జీతాన్ని తెల్లవారే దాకా మన దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండం 19లో ఒక నియమం ఉంది. కొత్త నిబంధనలో యాకోబు పత్రిక 5వ అధ్యాయం, పొలం కోసినవాళ్ళకి ఎగ్గొట్టిన కూలే నోరు తెరిచి అరుస్తుందంటుంది. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్న మాట ఇస్లాం సంప్రదాయంలోనూ ఉంది. నా మిత్రుడు దాన్ని చిన్నప్పటి నుంచీ విన్నాడు. విన్నాడని ఎందుకంటున్నానో మీకు తెలుసు.

ఒంగోలులో 1878

ఈ ప్రశ్న తెలుగు క్రైస్తవులకి కొత్త కాదు. మన దగ్గర దీన్ని లెక్కాపత్రంతో సహా ఎదుర్కొన్న సందర్భం ఒకటుంది.

1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు పాదిరీ ఒంగోలుకి వచ్చాడు. పాదిరీ కాకముందు ఆయన మిన్నెసోటాలో భూముల సర్వే పనిలో ఉండేవాడు. ఆ సంవత్సరమే బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ద్వారా ఆ ప్రాంతపు మాదిగ పల్లెల్లో క్రైస్తవం పాకింది. కొత్తగా చేరినవాళ్ళకి మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు.

ఇప్పుడు మనకి ఇవి ఉత్త బయటి ఆచారాల్లా కనపడతాయి. అప్పటి మాదిగ కూలీ స్థానంలో నిలబడి చూడండి. కోతల రోజుల్లో ఆదివారం రానంటే భూస్వామితో తగాదా. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటితో తగాదా. ఆ నియమాలు పాటించినవాళ్ళకి ఊరి పెద్దలతో గొడవలు రానే వచ్చాయి. కూటికి లేనివాడు కూలి పోగొట్టుకుని పాటించిన ఆదివారం, నా ఇస్త్రీ చొక్కా ఆదివారం ఒకటి కావు. గుర్తు ఒకటే, ఖరీదు వేరు.

అసలు సంగతి 1876-78 కరువులో జరిగింది. ధాత కరువు అని పెద్దలు చెప్పుకునేది అదే. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. పాత సర్వేయరు కదా, క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు, కూలి ఇచ్చాడు. ఆ పనిలో వేలమంది ఆయన్ని దగ్గరగా చూశారు. మమ్మల్ని కూడా చేర్చుకోండి అని గుంపులు గుంపులుగా అడిగారు.

లెక్కలు పెంచుకోవాలనుకునే పాదిరీకి ఇంతకంటే మంచి అదను ఉండదు. క్లౌ కుదరదన్నాడు. కరువు సాయం సాగినంత కాలం, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం పెట్టే చేయి ఉన్నంతసేపు ఎవరి మనసు ఎటుందో చెప్పలేమని ఆయన భయం. సాయం ముగిసింది. చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదు. అప్పుడూ జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఈ సంఖ్యని చర్చి చరిత్రలు గొప్పగా చెప్పుకుంటాయి. గంజి కోసం మారారని ఎత్తిపొడిచేవాళ్ళూ అప్పటి నుంచీ ఉన్నారు. ఆకలి తీర్చిన మనిషి మీద నమ్మకం, ఊళ్ళో దొరకని మర్యాద మీద ఆశ, ఇవి కూడా ఆ జనంలో ఉండే ఉంటాయి. అందులో తప్పేముంది? నాకు 2,222 కంటే ఆ 15 నెలలే పెద్దవిగా కనపడతాయి. కూలి ముందు, రిజిస్టరు తర్వాత. ఆ వరస తలకిందులు కాకుండా చూసుకున్నాడు.

గుర్తు లేనిచోట కూడా

ఇంతవరకు చదివి, అయితే బయటి రూపమంతా దండగ అంటారా అని అడగొచ్చు. అలా అనను. దానికి మూడు కారణాలు.

ఒకటి, రూపం లేనంత మాత్రాన వేషం పోదు. చర్చి లేని రియాద్‌లో నాలాంటివాళ్ళం పదిమంది చేరినా, ఎవరు ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నారు, ఎవరి ప్రార్థన ఇరవై నిమిషాలు సాగింది, ఎవరి బైబిల్లో ఎన్ని రంగుల గీతలున్నాయి అన్న లెక్కలు మొదలవుతాయి. ఇంత కష్టమైన చోట నమ్ముకున్నాం కాబట్టి మనమే గట్టివాళ్ళం అనే గర్వం దాని మీద ఇంకో రంగు. నేను పూసుకున్నది ఆ రంగే.

రెండు, గుర్తు కనపడనివాడికి భక్తి లేదని కూడా చెప్పలేం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులకి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ హోదా ఇచ్చారు గానీ క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రాష్ట్రాల్లో వాళ్ళని బి.సి. 'సి' గ్రూపులో ఉంచారు. అందుకే ఇంట్లో ఒకటి, సర్టిఫికెట్ మీద ఒకటిగా బతికే కుటుంబాలు ఆంధ్రాలో చాలా ఉన్నాయి. పిల్లవాడి చదువుకీ, తన విశ్వాసం పైకి చెప్పుకోవడానికీ మధ్య ఎంచుకోవలసి రాని నాబోటివాడు, ఆ ఇళ్ళ వైపు వేలు చూపించడం చాలా తేలిక. తేలిక కాబట్టే చూపించకూడదు.

మూడు, యేసు స్వయంగా బయటి ఆచారాన్ని కొట్టేయలేదు. మత్తయి 23లో పుదీనాకీ, జీలకర్రకీ కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చే పెద్దల్ని ఆయన కడిగేస్తాడు. న్యాయమూ, కనికరమూ వదిలేసినందుకు. అలాగని జీలకర్ర లెక్క మానేయమనలేదు. అసలుది చేయండి, ఇదీ మానకండి అన్నది ఆయన మాటల సారం. గిన్నె కడగకుండా వండితే ఏం లాభమని మన వేమన అడిగిందీ ఈ దారిలోనే. ఆయన వంట మానేయమనలేదు, గిన్నె కడగమన్నాడు. మా పిల్లలకి పాట నేర్పడానికి, చావు కబురు వచ్చినప్పుడు పక్కన కూర్చోడానికి పదిమంది చేరే చోటు కావాలి. ఆ లోటు ఎంతో ఇక్కడున్నవాళ్ళకి బాగా తెలుసు.

మన ఇంటి దాకా వస్తే

విదేశాల్లో ఉన్న మనం ఊరికి చాలా చేస్తాం. చర్చికి ప్రహరీ గోడ, గుడికి ముఖద్వారం, బడికి గది. పాలరాతి పలక మీద పేరు. మంచిదే. కానీ అదే ఊళ్ళో మన ఇల్లు కట్టిన మేస్త్రీకి చివరి విడత ఇచ్చామా? పొలం అమ్మినప్పుడు చెల్లెలి వాటా చెల్లెలికి చేరిందా? అమ్మానాన్నల్ని చూసుకుంటున్న పనిమనిషికి నెల మొదటి వారంలో జీతం అందుతోందా, లేక "వచ్చే నెల కలిపి పంపిస్తాలే" అంటున్నామా? ఈ ప్రశ్నలకి పాలరాయి అక్కర్లేదు. అడిగేవాళ్ళు కూడా ఎవరూ లేరు. అసలు పరీక్ష అక్కడే ఉంది. కానుక తెచ్చి బలిపీఠం ముందు నిలబడినవాడికి, ఎవరితోనైనా తేలని తగువు ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టేసి ముందు అది తేల్చుకు రమ్మని మత్తయి 5లో ఉంది. ఆరాధన మధ్యలోంచి లేచి వెళ్ళడం కూడా ఆరాధనలో భాగమేనన్నమాట.

పెద్దాయనకి రాజీలో రెండు నెలల జీతం వచ్చింది. మిగతా రెండు నెలల సంగతి ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడు ఇప్పుడు నేను వెళ్తున్నాను. అరబీ నాకూ రాదు, కానీ కాగితాలు వరసలో పెట్టడం వచ్చు. మా మిత్రుడికి క్షమాపణ చెబుదామని ఒక రోజు మొదలుపెట్టాను. "నేను రానన్నాను గదా, నువ్వు వస్తానన్నావు. ఇద్దరం అబద్ధమే ఆడాం" అని నవ్వేసి, టీ చెప్పాడు.

ఆ ఫోటోలు ఇంకా నా ఫోన్లో ఉన్నాయి. కేసు పూర్తయ్యే దాకా తీసేయదలచుకోలేదు.